ఓటీపీ చెప్తాను సరే, ఇంతకీ నువ్వెవరు?

తిరుపతి స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడు ఊరికే ఫోనులో వైఫై లిస్టు తెరిచి చూడండి. రైల్‌వైర్ అని ఒకటి, చుట్టుపక్కల లాడ్జీల పేర్లు నాలుగు, ఎవరో యాత్రికుడి ఫోను హాట్‌స్పాట్ ఒకటి, "ఫ్రీ వైఫై" అని ఊరూ పేరూ లేనిది ఇంకొకటి. వీటిలో ఏది సేఫ్ అని తోటి ఐటీ వాళ్ళని చాలామందిని అడిగి చూశాను. దాదాపు అందరూ చెప్పింది ఒకటే. "ఓటీపీ అడిగేది సేఫ్ బాసూ, అడక్కుండా కనెక్టయ్యేది డేంజర్."

నా గోలంతా ఈ ఒక్క వాక్యం మీదే. కోడ్ రాసి బతికే మనమే ఇలా అనుకుంటే ఇంక మామూలు జనం సంగతి ఏం చెప్పాలి?

నేను అనేది ఏమిటంటే, లాగిన్ వేరు, భద్రత వేరు. లాగిన్ అంటే "నువ్వెవరు?" అని నెట్‌వర్క్ మనల్ని అడిగే ప్రశ్న. భద్రత అంటే మనం నెట్‌వర్క్‌ని అడగాల్సిన ప్రశ్నలు: "అసలు నువ్వెవరు? నేను పంపేది పక్కవాడు చదవకుండా చూస్తావా?" మన దగ్గర పబ్లిక్ వైఫైలు మొదటి ప్రశ్న మాత్రం గట్టిగా అడుగుతాయి. మన ప్రశ్నలకి జవాబు చెప్పే ఏర్పాటు చాలాచోట్ల ఉండదు. తమాషా ఏమిటంటే, వాళ్ళు మనల్ని అడిగేశారు కాబట్టి మన ప్రశ్నలకీ జవాబు వచ్చేసినట్టే అనుకుని మనం తృప్తి పడిపోతాం.

ఇంత ఆలోచించడానికి కారణం మా మామ. తిరుపతి బస్టాండు దగ్గర ఆయనకో అంగడి ఉంది. జెరాక్సు, ప్రింటౌట్లు, రైలు టికెట్లు, మూడొందల రూపాయల దర్శనం టికెట్లు, ఆధార్ కార్డు లామినేషను, ఇవీ వ్యాపారాలు. ఒకప్పుడు నెట్ సెంటర్. మా ఎంసెట్ రిజల్టు చూసుకుంది కూడా అక్కడే. ఎనిమిది కంప్యూటర్లు ఇప్పుడు రెండయ్యాయి, మిగతా చోటంతా జెరాక్సు మిషన్లు ఆక్రమించాయి. బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశి ముందు రోజుల్లో బస్టాండు దగ్గర ఫోను సిగ్నల్ నిండుగా కనిపిస్తుంది కానీ డేటా కదలదు. జనం ప్రింటు కోసం ఫైలు పంపాలంటే చక్రం తిరుగుతూనే ఉంటుంది. అందుకని మామ తన వైఫై పాస్‌వర్డ్‌ని అట్టముక్క మీద రాసి గోడకి తగిలించాడు. పది అంకెలు. అది ఆయన సెల్ నంబరే :)

బెంగుళూరు నుంచి శనివారం వెళ్ళినప్పుడు మామ అడిగాడు. "రేయ్ అల్లుడూ, ఎట్లా అందరూ వాడతానే ఉండారు, గంటకి పదో ఐదో తీసుకుందామా అనుకుంటా ఉండా. కానీ ఎవుడో నా వైఫైలో కూచోని పాడుపని చేస్తే పోలీసోళ్ళు వాడింటికి పోతారా, నా అంగడికి వస్తారా?"

చాలా మంచి ప్రశ్న. టెక్నాలజీ చదవని మనిషి అడిగిన ఈ ప్రశ్న చుట్టూనే మన దేశంలో పబ్లిక్ వైఫై నియమాలన్నీ తయారయ్యాయి.

కొంచెం వెనక్కి వెళ్దాం. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో వరుస బాంబు పేలుళ్ళు జరిగాయి. దానికి కొద్ది నిమిషాల ముందు మీడియా సంస్థలకి ఒక మెయిల్ వెళ్ళింది. ఐపీ అడ్రస్ పట్టుకుని పోతే నవీ ముంబైలో ఒక అమెరికన్ అద్దెకి ఉంటున్న ఫ్లాట్ దగ్గర తేలింది. పాపం ఆయన చేసిందల్లా ఇంట్లో వైఫైకి తాళం వెయ్యకపోవడం. పోలీసులు ఆయన్ని ప్రశ్నించారు, కంప్యూటర్లు పరిశీలించారు. మెయిల్ పంపింది ఆయన కాదు, ఆయన వైఫై వాడుకున్న వేరేవాళ్ళు. ఆ సెప్టెంబరు 13న ఢిల్లీ పేలుళ్ళప్పుడు వచ్చిన మెయిల్ కూడా ముంబైలో ఇంకెవరిదో వైఫై మీదుగా వెళ్ళిందే.

దాని ఫలితంగా 2009 ఫిబ్రవరి 23న టెలికాం శాఖ ఇంటర్నెట్ కంపెనీలకి ఆదేశాలు ఇచ్చింది. హాట్‌స్పాట్ వాడేవాళ్ళ ఫొటో గుర్తింపు కార్డు కాపీ తీసుకుని ఏడాది పాటు దాచాలి, లేదా యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ వాళ్ళ మొబైల్‌కి ఎస్సెమ్మెస్‌లో పంపాలి. గుర్తింపు తనిఖీ అంతా ఒక కేంద్ర సర్వర్ దగ్గరే జరగాలి. 2011లో సైబర్ కెఫేలకి విడిగా నియమాలు వచ్చాయి. గుర్తింపు కార్డు, ఏడాది పాటు దాచాల్సిన రిజిస్టరు, క్యాబిన్ గోడలు నాలుగున్నర అడుగులు దాటకూడదనే లెక్క. మామ అంగట్లో ఆ రిజిస్టరు నాకింకా గుర్తుంది. దారానికి కట్టిన పెన్ను, వంకర సంతకాలు. గుర్తింపు కార్డు జెరాక్సులు గోనెసంచిలో నిండి అటక మీద ఉండేవి. వాటిని ఎవరైనా ఎత్తుకుపోతే ఎలా అని ఎవరికీ తట్టినట్టు లేదు.

కాబట్టి ఫొటో కార్డు కాపీలతో పోలిస్తే ఎస్సెమ్మెస్ దారి ఎంతో మెరుగు. నేను దాన్ని తిట్టడం లేదు. ఒక్కటి గమనించమంటున్నాను. వైఫై ఓటీపీ మన దగ్గర స్థిరపడింది మన డేటాని కాపాడటానికి కాదు, రేపు ఏదైనా జరిగితే ఆచూకీ తీయడానికి. రెండూ మంచి అవసరాలే, కానీ ఒకటి కాదు. లాడ్జిలో దిగేటప్పుడు రిజిస్టర్లో పేరూ ఊరూ రాస్తాం. అలా రాసినంత మాత్రాన గది తలుపుకి గొళ్ళెం పడదు కదా!

సరే, తెర వెనక ఏం జరుగుతుందో చూద్దాం. నెట్‌వర్కింగ్ తెలిసినవాళ్ళు ఈ పేరా దాటేసినా పర్వాలేదు. తాళం లేని వైఫైకి మన ఫోను కనెక్ట్ అవుతుంది, ఒక ఐపీ అడ్రస్ తెచ్చుకుంటుంది. వెంటనే ఇంటర్నెట్ ఉందా లేదా అని ఆండ్రాయిడ్ అయితే గూగుల్‌దీ, ఐఫోన్ అయితే యాపిల్‌దీ ఒక చిన్న చిరునామాని మామూలు హెచ్‌టీటీపీలో అడుగుతుంది. హాట్‌స్పాట్ గేట్‌వే ఆ అభ్యర్థనని మధ్యలో పట్టుకుని తన లాగిన్ పేజీకి మళ్ళిస్తుంది. రావాల్సిన జవాబు రాలేదు కాబట్టి ఫోను "సైన్ ఇన్ చెయ్యండి" అని ఒక చిన్న కిటికీ తెరుస్తుంది. మనం నంబరు కొడతాం, ఓటీపీ వస్తుంది, అది కొడతాం. అప్పుడు గేట్‌వే మన ఫోను మ్యాక్ అడ్రస్‌ని తన జాబితాలో రాసుకుని "ఈ అడ్రస్‌ని వదులు" అని తలుపు తెరుస్తుంది. అంతే. గాల్లో ఎగిరే ప్యాకెట్లకి ఓటీపీకి ముందు ఎన్‌క్రిప్షన్ లేదు, తర్వాతా లేదు.

ఇక్కడే అసలు మెలిక. తాళం లేని వైఫైలో మ్యాక్ అడ్రస్ అనేది అందరికీ వినపడేలా అరిచి చెప్పుకునే పేరు లాంటిది. దాన్ని పక్కవాడు వినొచ్చు, తన పరికరానికి అదే పేరు పెట్టుకోవచ్చు. అప్పుడు గేట్‌వే దృష్టిలో వాడూ నేనూ ఒకటే. వాడు చేసిన పని రికార్డులో నా నంబరు కింద పడుతుంది. పైగా 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో నెట్‌వర్క్‌కి ఒక్కో దొంగ మ్యాక్ అడ్రస్ చూపిస్తున్నాయి. మన ప్రైవసీకి అది మంచిదే. కానీ రికార్డులో పడిన అడ్రస్ ఏ ఫోనుదో అన్నది దాంతో ఇంకాస్త మసకబారింది.

అంటే ఆచూకీ కోసం పెట్టిన ఏర్పాటు ఆచూకీ విషయంలో కూడా పూర్తిగా గట్టిది కాదు. 2008లో తాళం వెయ్యని ఇంటాయన ఇరుక్కున్నాడు. ఇప్పుడైతే తాళం లేని హాట్‌స్పాట్‌లో నిజాయితీగా నంబరిచ్చి ఓటీపీ కొట్టిన యాత్రికుడు ఇరుక్కోవచ్చు. రోజూ జరుగుతోందని అనను. కానీ కోర్టులో "ఇదిగో ఈ నంబరుకి ఓటీపీ వెళ్ళింది" అని కాగితం పెడితే, దాని అర్థం "ఈ పని చేసింది ఈ మనిషే" అని కాదు. ఇది చెప్పగలిగింది మనలాంటి వాళ్ళమే, మనమే ఓటీపీ ఉంటే సేఫ్ అంటూ తిరుగుతున్నాం.

మరి మామ గోడమీది పాస్‌వర్డ్ సంగతి? తాళం అసలు లేకపోవడం కన్నా నయమే. కానీ 2004 నాటి డబ్ల్యూపీఏ2లో అందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెడితే, సత్రంలో అన్ని గదులకీ ఒకటే తాళంచెవి ఇచ్చినట్టు. పాస్‌వర్డ్ తెలిసినవాడు, మన ఫోను కనెక్ట్ అయ్యే క్షణంలో గాల్లో మాటలు పట్టుకుంటే, మన తాళంచెవి తనే లెక్క కట్టుకోగలడు. బయటివాడికి తాళం, లోపలివాడికి తలుపే లేదు. బస్టాండు పక్కన బయటివాడెవడు, లోపలివాడెవడు? గోడ మీద రాసుంది కదా!

ఇంత చెప్పాను కాబట్టి, "పబ్లిక్ వైఫై ముట్టుకుంటే బ్యాంకు ఖాతా ఖాళీ" అనే బాపతు హెచ్చరికలని కూడా ఒకసారి పక్కకి తీసి చూద్దాం. ఇది ఒకప్పుడు చాలావరకూ నిజం. 2010 అక్టోబరులో ఫైర్‌షీప్ అని ఫైర్‌ఫాక్స్‌కి ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ వచ్చింది. కాఫీ షాపులో కూర్చుని ఒక్క నొక్కుతో పక్క టేబుల్ వాళ్ళ ఫేస్‌బుక్‌లోకి దూరిపోవచ్చని అందరి కళ్ళముందూ చూపించింది. ఆ సిగ్గుతోనే పెద్ద సైట్లు సైటంతా హెచ్‌టీటీపీఎస్‌కి మారడం వేగం పుంజుకుంది. తర్వాత లెట్స్ ఎన్‌క్రిప్ట్ వచ్చి సర్టిఫికెట్లు ఉచితంగా ఇచ్చింది, చిన్న సైట్లూ మారాయి. ఇప్పుడు బ్యాంకు యాప్‌కీ దాని సర్వర్‌కీ మధ్య మాటలు వైఫైలో పక్కవాడు విన్నా వాడికి అర్థం కావు. మనం ఏ సైటుకి వెళ్తున్నామో కొంతవరకు తెలుస్తుంది, లోపల ఏం చేస్తున్నామో తెలియదు.

కాబట్టి దొంగచాటుగా వినడం గురించి పాత భయం తగ్గించుకోవచ్చు. మరి ప్రమాదం ఎక్కడికి పోయింది? నా లెక్కలో అది సరిగ్గా ఆ లాగిన్ పేజీ దగ్గరికే వచ్చి కూర్చుంది.

వైఫై పేరు అనేది ఒట్టి పేరు మాత్రమే. రైల్‌వైర్ అని నేనూ పెట్టుకోవచ్చు, మీరూ పెట్టుకోవచ్చు. తాళం లేని నెట్‌వర్క్‌లో ఆ పేరు అసలుదో నకిలీదో తేల్చే మార్గం ఫోనుకి లేదు. పాత పేరు మళ్ళీ కనబడితే చాలాసార్లు దానంతట అదే కనెక్ట్ అయిపోతుంది. తిరుమలలో గుడిలోకి వెళ్ళేముందు ఫోను డిపాజిట్ చేస్తాం కదా. దేవస్థానం బోర్డు చూస్తాం, కౌంటరు లోపల సిబ్బందిని చూస్తాం, చేతికి రసీదు తీసుకుంటాం. దారిలో ఎవరో బల్ల వేసుకు కూర్చుని "ఫోను ఇట్లివ్వండి స్వామీ" అంటే ఇస్తామా? వైఫైలో మాత్రం ఏ బల్ల ముందు కనబడితే ఆ బల్లకి ఇచ్చేస్తున్నాం.

ఆ బల్ల వాడు మనల్ని ఏం అడుగుతాడు? ఫోను నంబరు. తర్వాత ఓటీపీ. అసలు హాట్‌స్పాట్ అడిగేదీ అవే! ఇప్పుడు ఆలోచించండి. నకిలీ పేజీలో మనం నంబరు కొట్టగానే, అవతలివాడు ఆ నంబరుతో ఇంకెక్కడో, ఒక మెసేజింగ్ యాప్‌లోనో, షాపింగ్ ఖాతాలోనో లాగిన్ మొదలుపెడతాడు. ఓటీపీ మన ఫోనుకి వస్తుంది. మనం వైఫై కోసం ఎదురు చూస్తున్నాం కాబట్టి ఇది వైఫై ఓటీపీనే అనుకుంటాం. నోటిఫికేషన్లో ఆరంకెలు చూసి చకచకా కొట్టేస్తాం. అంకెల పక్కన ఎవరి పేరుందో ఎంతమంది చదువుతారు? మన ఫోన్లు "కాపీ కోడ్" అని బటన్ కూడా ఇస్తున్నాయి, చదివే పని లేకుండా.

పైగా ఆ లాగిన్ కిటికీ మామూలు బ్రౌజర్ కాదు. చాలా ఫోన్లలో పూర్తి అడ్రస్ బార్ ఉండదు. "పైన అడ్రస్ చూడండి, తాళం గుర్తు చూడండి" అని మనం అమ్మానాన్నలకి నేర్పిన పాఠం అక్కడ పనికిరాదు. టీటీడీ పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పెట్టి భక్తులని మోసం చేస్తున్నారని దేవస్థానం వాళ్ళు ఎన్నోసార్లు హెచ్చరించారు. అక్కడైతే అసలు సైటు చివర ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ ఉంటుంది, అది చూసుకోండి అని చెప్పొచ్చు. హాట్‌స్పాట్ పేజీకి ఏం చూసుకోమని చెప్పాలి?

మామ అంగట్లో ఒక రోజు కూర్చుంటే ఓటీపీ మన జనానికి ఎంత అలవాటైపోయిందో తెలుస్తుంది. దర్శనం టికెట్లు విడుదలయ్యే రోజు పొద్దున్నే జనం మూగుతారు. టికెట్ల సైటులో లాగిన్ కావాలంటే ఎవరి నంబరుకి వాళ్ళకే ఓటీపీ వస్తుంది. మామ కీబోర్డు ముందు, జనం కౌంటరు అవతల. "అమ్మా ఓటీపీ చెప్పండి", "నాలుగూ ఏడూ...", "పెద్దాయనా మీది?" అందరి ఓటీపీలూ గాల్లోనే. మామ నిజాయితీపరుడు కాబట్టి సరిపోయింది. ఆ పెద్దాయనకి ఓటీపీ అంటే "అడిగినోళ్ళకి చెప్పాల్సిన నంబరు". బ్యాంకేమో "ఎవరికీ చెప్పొద్దు" అని మెసేజి పంపుతుంది. ప్రతి కౌంటరూ, ప్రతి డెలివరీ అబ్బాయీ, ప్రతి వైఫై పేజీ "చెప్పు" అంటుంది. ఇన్నిసార్లు చెప్పించాక ఒక్కచోట చెప్పాడని ఆయన్ని తప్పు పడితే ఎలా? తప్పు ఆయనది కాదు, ఆయనకి ఆ అలవాటు నేర్పిన పేజీలు కట్టిన మనది.

ఇంకో రెండు మాటలు కూడా చెప్పాలి. ఒకటి, ఈ పద్ధతిలో ఇండియా సిమ్ లేనివాడికి చోటు లేదు. డాలస్ నుంచి మా పెదనాన్న కొడుకు కుటుంబంతో దర్శనానికి వచ్చాడు. తిరుపతిలో దిగిన లాడ్జి వైఫై పది అంకెల నంబరు తప్ప ఇంకేమీ తీసుకోలేదు. అమెరికా నంబరు కొడితే ఎర్ర అక్షరాలు. చివరికి రిసెప్షన్ అబ్బాయి దయతలిచి తన నంబరుతో లాగిన్ చేసిచ్చాడు. అంటే రికార్డు ప్రకారం ఆ రెండు రోజులూ ఆ కుటుంబం చూసిన యూట్యూబంతా ఆ అబ్బాయి ఖాతాలోదే! ఆచూకీ వ్యవస్థ అంటే ఇదన్నమాట.

రెండోది, ఇచ్చిన నంబరు ఎక్కడికి పోతుంది? 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ఒక పనికని తీసుకున్న సమాచారాన్ని ఆ పనికే వాడాలన్నది దాని సారం. వైఫై కోసం ఇచ్చిన నంబరుకి ప్లాట్ల ప్రకటనలు రాకూడదన్నమాట. "షరతులకి అంగీకరిస్తున్నాను" అని ముందే టిక్ పెట్టి ఉంచే లాగిన్ పేజీలు ఈ చట్టం చదివి మారతాయని ఆశిద్దాం.

మరి మెరుగైన దారి లేదా? ఉంది, అదీ కొత్తదేం కాదు. గాల్లో ఎన్‌క్రిప్షన్ సమస్యకి ఓడబ్ల్యూఈ అని ఒక పద్ధతి 2017లోనే ప్రమాణంగా వచ్చింది. పాస్‌వర్డ్ అక్కర్లేదు, అయినా ఒక్కో ఫోనుకి ఒక్కో తాళం పడుతుంది. 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చింది. అందులో అందరికీ పాస్‌వర్డ్ ఒకటే అయినా పక్కవాడి మాటలు విని విప్పుకోలేరు. ఈమధ్య కొన్న రౌటర్లలో చాలావాటికి ఇవి తెలుసు. సెట్టింగుల్లో ఎవరూ అటు వెళ్ళరంతే.

"నువ్వెవరు?" అని నెట్‌వర్క్‌ని అడిగే పద్ధతీ ఉంది. ఎడ్యురోమ్ వాడినవాళ్ళకి తెలుసు. ఒక యూనివర్సిటీ విద్యార్థి ఇంకో దేశం క్యాంపస్‌కి వెళ్ళినా అదే ఐడీతో కనెక్ట్ అయిపోతాడు. తనిఖీ సొంత యూనివర్సిటీ సర్వర్ దగ్గర జరుగుతుంది. సరిగ్గా అమర్చిన ఫోను ముందుగా ఆ సర్వర్ సర్టిఫికెట్ చూసి, అసలుదే అని తేలాకే రహస్యం చెప్తుంది. మన దేశంలో దాన్ని ఎర్నెట్ నడుపుతోంది. పాస్‌పాయింట్ అనే ఏర్పాటు ఇదే పనిని మామూలు హాట్‌స్పాట్లకి చేస్తుంది. అందులో ఫోనులో సిమ్ కూడా గుర్తింపుగా పనికొస్తుంది, ఓటీపీ కొట్టే పనే లేదు. నెలనెలా మనం బిల్లు కట్టే సిమ్ జేబులోనే ఉండగా, అంకెలు ఎస్సెమ్మెస్‌లో తెప్పించుకుని వేలితో కొట్టడం, ఆలోచిస్తే కాస్త వింతగానే ఉంటుంది.

మామ ప్రశ్నకి నేరుగా పనికొచ్చేది మాత్రం పీఎం-వాణి. 2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పథకం. పాతకాలం ఎస్టీడీ బూతు ఆలోచననే వైఫైకి తెచ్చారు. చిన్న అంగడివాడు పబ్లిక్ డేటా ఆఫీసు పెట్టుకోవచ్చు. లైసెన్సు లేదు, రిజిస్ట్రేషను లేదు, ఫీజు లేదు. వాడుకరి ఒక యాప్‌లో ఒకసారి నమోదు చేసుకుంటాడు, దగ్గర్లోని హాట్‌స్పాట్లు ఆ యాప్‌లోనే కనిపిస్తాయి. ఎవర్ని లోపలికి వదలాలి, ఎంత వాడారు అనే లెక్క చూసేది అగ్రిగేటర్ సంస్థ. వీళ్ళందరి జాబితా సీ-డాట్ నడిపే కేంద్ర రిజిస్ట్రీలో ఉంటుంది. నకిలీ బల్ల వేసేవాడికి ఇది కాస్త అడ్డం, ఎందుకంటే జనం వెతికేది ఊరికే కనబడిన పేరుని కాదు, జాబితాలో ఉన్నదాన్ని. గాల్లో ఎన్‌క్రిప్షన్ సంగతి దానంతట అది తీరదు, రౌటర్లో మనం పెట్టుకోవాల్సిందే.

పథకం అనుకున్నంతగా పాకలేదన్నది కూడా నిజమే. 2018 టెలికాం విధానంలో 2022కల్లా కోటి హాట్‌స్పాట్లు అని రాసుకున్నారు, దాని దరిదాపులకి కూడా రాలేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైంది, వైఫై కోసం వెతికే అవసరమే తగ్గింది. దానికితోడు అంగడివాళ్ళకి ఇంటర్నెట్ కంపెనీలు ఖరీదైన లీజు లైన్లు అంటగట్టేవి. 2025 జూన్‌లో ట్రాయ్ దాని మీద ఒక ఆదేశం ఇచ్చింది. 200 ఎంబీపీఎస్ దాకా ఇళ్ళకిచ్చే ఫైబర్ ప్లాన్లని ఈ చిన్న ఆఫీసులకీ ఇవ్వాలి, ఇంటి ధరకి రెట్టింపు మించకూడదు. బ్రహ్మోత్సవాల్లో టవర్లు చేతులెత్తేసే మా తిరుపతి లాంటి ఊరికి ఇది పనికొచ్చే విషయమే.

మామకి ఇదంతా చెప్పలేదు లెండి, నాలుగు ముక్కల్లో చెప్పాను. గోడమీది అట్టముక్క తీసెయ్. అంగడి కంప్యూటర్లు, ప్రింటర్లు ఉన్న నెట్‌వర్కూ, జనం వాడే నెట్‌వర్కూ విడివిడిగా పెడదాం. జనానికిచ్చేదాంట్లో ఒక ఫోనుకి ఇంకో ఫోను కనబడకుండా ఐసోలేషన్ పెడదాం. పాస్‌వర్డ్ మీ సెల్ నంబరు కాకుండా ఇంకేదైనా పెట్టి, అప్పుడప్పుడు మారుద్దాం. డబ్బు తీసుకుని ఇవ్వాలనుకుంటే సొంతంగా వద్దు, వాణి అగ్రిగేటర్ ద్వారానే చెయ్యి, లెక్కా పత్రం వాళ్ళు చూసుకుంటారు. ఒకవేళ పోలీసులు అంగడికొచ్చినా, చేతులు నలుపుకోకుండా చూపించడానికి నీ దగ్గర ఒక పద్ధతి ఉంటుంది.

ఆయన అంతా విని, "అయితే జనాలకి ఏం చెప్పాల?" అన్నాడు. ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. చివరికి ఇద్దరం కలిసి నాలుగు వాక్యాలు రాసి ప్రింటు తీసి, అట్టముక్క ఉన్న చోటే అంటించాం: "మా వైఫై పేరు ఇది ఒక్కటే. మేము మీ ఆధార్ నంబరు, బ్యాంకు వివరాలు, యూపీఐ పిన్ అడగము. ఓటీపీ వస్తే పక్కన ఎవరి పేరుందో చదివి అప్పుడు కొట్టండి. ఏ యాప్ ఫైలూ డౌన్‌లోడ్ చెయ్యమని మేము చెప్పము." తమిళంలో కూడా పెట్టాలన్నాడు మామ, సగం మంది యాత్రికులు అటునుంచేనట. అదీ పెట్టాం.

గోడ మీది ఆ కాగితం ఏ ప్రోటోకాల్‌కీ సమానం కాదని నాకు తెలుసు. కానీ ఆ కాగితంలో ఒక్క విషయం ఉంది: హాట్‌స్పాట్ తనెవరో తనే ముందుగా చెప్పుకుంటోంది, తను ఏం అడగదో కూడా చెప్తోంది. కోట్లు పెట్టి కట్టిన ఎన్నో లాగిన్ పేజీల్లో నాకు ఇది కనపడలేదు.

ఇది చదువుతున్న మీలో కొందరైనా ఎప్పుడో ఒకప్పుడు లాగిన్ పేజీ రాసుంటారు, రాయబోతారు. ఓటీపీ మెసేజిలో అంకెలకి ముందు పేరు పెట్టండి, అది దేనికో తెలుగులో ఒక ముక్క రాయండి. నంబరు అడిగేచోట ఎందుకు అడుగుతున్నారో, ఎన్నాళ్ళు ఉంచుకుంటారో చెప్పండి. పది అంకెలు లేనివాడికి ఇంకో దారి వదలండి. రౌటర్లో ఓడబ్ల్యూఈ ఉంటే ఆన్ చెయ్యమని క్లయింటుకి ఒక మెయిల్ కొట్టండి. ఇవేవీ కష్టమైన పనులు కావు, స్ప్రింట్‌లో ఒక మధ్యాహ్నం పని.

అడగడం నేర్పాల్సింది మాత్రం ఇంట్లో. అమ్మకో, నాన్నకో ఈసారి ఫోను చేసినప్పుడు "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు" అనే పాత పాట కాకుండా, "ఓటీపీ అడిగినోళ్ళని ముందు మీరెవరని అడుగు" అని చెప్పి చూడండి. మా అమ్మకి అదే చెప్పాను. మరుసటి రోజు కొరియర్ అబ్బాయి ఓటీపీ అడిగితే "ముందు నువ్వెవరో చెప్పు నాయనా" అని గేటు దగ్గరే నిలబెట్టి ఐడీ కార్డు చూసిందట :) పర్వాలేదు, అలవాటు అలాగే మొదలవుతుంది.